దోసెలకు అపాస్ట్రఫీ వద్దు: ఇంగ్లీషు రాతలో గుర్తులు తప్పు పోకుండా ఎలా పెట్టాలి

తిరుపతిలో అంగడి పెట్టినవాళ్లకు ఇంగ్లీషు బోర్డు తప్పదు. కొండకు వచ్చేవాళ్లలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర వాళ్లు బోలెడుమంది. తెలుగు చదవలేని మనిషికి గది ఉందని, టిఫిన్ దొరుకుతుందని, శ్రీకాళహస్తికి కారు ఉందని చెప్పాలంటే ఇంగ్లీషే దిక్కు. అందుకే ఆర్టీసీ బస్టాండ్ చుట్టుపక్కల, గాంధీ రోడ్డులో, అలిపిరి వెళ్లే దారిలో ఎక్కడ చూసినా ఇంగ్లీషు అక్షరాలే. ఆ అక్షరాల మధ్య, ఎస్ ముందు, పైన వేలాడే ఒక చిన్న కామా కనిపిస్తుంది. దాన్నే అపాస్ట్రఫీ అంటారు. పది బోర్డులు చూస్తే కొన్నిట్లోనైనా అది ఉండకూడని చోట ఉంటుంది, ఉండాల్సిన చోట ఉండదు.

బోర్డులే కాదు. ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, చిత్తూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు ఉద్యోగాలకు పంపే రెజ్యూమెలు, ఆఫీసు మెయిళ్లు, లీవ్ లెటర్లు, పెళ్లి పత్రికలు అన్నిటిదీ ఇదే కథ. స్పెల్లింగ్ తప్పయితే కంప్యూటర్ కింద ఎర్రగీత గీసి చెబుతుంది. అపాస్ట్రఫీ తప్పును చాలాసార్లు అది పట్టుకోదు, ఎందుకంటే గుర్తు ఉన్నా లేకున్నా ఆ రెండూ ఇంగ్లీషులో ఉన్న మాటలే. పట్టుకోవాల్సింది మనమే. అదేమంత కష్టం కాదు. మన తెలుగే దానికి సాయం చేస్తుంది.

ఒక మాట ముందే చెబుతాను. ఇక్కడ ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. "బాయ్స్' హాస్టల్" అని రాస్తే, ఇంగ్లీషులో ఎస్ అయిపోయాక అపాస్ట్రఫీ అని అర్థం. "బాయ్'స్" అంటే ఎస్‌కు ముందు. గుర్తు ఎక్కడ పడిందో ఒక్కటే గమనించండి. ఇంగ్లీషు మాటను మామూలుగా తెలుగులో రాసుకునేటప్పుడు ఈ గుర్తు అక్కర్లేదు.

మొదట ఆ గుర్తు పనేమిటో తెలుసుకోండి

అపాస్ట్రఫీకి రెండే పనులు. ఒకటి, మాటలో అక్షరం ఊడిపోయిన చోటు చూపించడం: "డు నాట్" కాస్తా "డోన్'ట్" అయినప్పుడు ఓ పోయింది, ఆ ఖాళీలో గుర్తు కూర్చుంది. రెండు, ఎవరిదో, దేనిదో చెప్పడం: "రమేష్'స్ షాప్", రమేష్ అంగడి.

లోతుగా చూస్తే ఈ రెండో పని కూడా మొదటి దానిలోంచి పుట్టిందే. పాత ఇంగ్లీషులో ఫలానావాళ్లది అని చెప్పడానికి చాలా మాటల చివర ఈ-ఎస్ చేర్చేవారు. పలకడంలో ఆ ఈ జారిపోయింది. 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషు అచ్చులోకి వచ్చిన అపాస్ట్రఫీ, తర్వాత ఆ పోయిన ఈ ఉండే చోట స్థిరపడింది. ఇది గుర్తుంటే మేలు. "దోసా" పక్కన ఎస్ చేర్చి ఎక్కువ దోసెలు అని చెప్పేటప్పుడు ఏ అక్షరమూ ఊడలేదు, ఎవరికీ ఏదీ సొంతం కాలేదు. కాబట్టి "దోసాస్" చాలు, "దోసా'స్" తప్పు. బ్రిటన్‌లో కూడా కూరగాయల అంగళ్ల బోర్డుల మీద ఇదే తప్పు ఎంతగా కనిపించిందంటే, అక్కడివాళ్లు దీనికి కూరగాయల వ్యాపారి అపాస్ట్రఫీ అని పేరే పెట్టారు.

లు, ల పరీక్ష పెట్టండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. ఎస్ చివరన ఉన్న మాట దగ్గర చెయ్యి ఆగినప్పుడు, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకోండి.

మాట చివర "లు" వస్తే అపాస్ట్రఫీ వద్దు. గదులు ఉన్నాయి: "రూమ్స్ అవైలబుల్". డ్రైవర్లు కావలెను: "డ్రైవర్స్ వాంటెడ్". ఇడ్లీలు, టాక్సీలు, టికెట్లు, ఏటీఎంలు, పీడీఎఫ్‌లు, ఈఎంఐలు, ఎమ్మెల్యేలు, అన్నీ ఇందులోకే వస్తాయి. పొట్టి పేర్ల దగ్గర చాలామంది తడబడతారు. అన్నీ పెద్దక్షరాలై చివర్లో చిన్న ఎస్ ఉంటే కంటికి వింతగా తోచి, మధ్యలో గుర్తు పెట్టేస్తారు. అక్కర్లేదు. "ఏటీఎంస్" అంతే.

"లు" కాస్తా "ల" అయి, దాని వెంటనే ఇంకో వస్తువో మనిషో వస్తే, ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టండి. విద్యార్థుల హాస్టల్: "స్టూడెంట్స్' హాస్టల్". అబ్బాయిల హాస్టల్: "బాయ్స్' హాస్టల్". తల్లిదండ్రుల సమావేశం: "పేరెంట్స్' మీటింగ్". రెండు రోజుల సెలవు: "టూ డేస్' లీవ్".

ఒక్కరే అయితే, ఎస్‌కు ముందు. విద్యార్థి పేరు: "స్టూడెంట్'స్ నేమ్". ఒక రోజు సెలవు: "వన్ డే'స్ లీవ్". అప్లికేషన్ ఫారంలో తండ్రి పేరు: "ఫాదర్'స్ నేమ్".

ఇప్పుడు "బాయ్'స్ హాస్టల్" అన్న బోర్డును మళ్లీ చదవండి. అది ఒకే ఒక్క అబ్బాయి హాస్టల్ అని చెబుతోంది. వంద మంచాలు వేసి, మెస్ పెట్టి, వార్డెన్‌ను పెట్టిన యజమాని చెప్పదలచుకున్నది అది కాదు కదా.

ఈ పరీక్షలో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. "విద్యార్థులకు", "విద్యార్థుల కోసం", "గదుల్లో" అన్నప్పుడు కూడా "ల" వినిపిస్తుంది. కానీ దాని తర్వాత వచ్చింది కు, కోసం, లో. వస్తువు రాలేదు. ఇంగ్లీషులో ఆ పనిని "ఫర్", "ఇన్" చేస్తాయి కాబట్టి "ఫర్ స్టూడెంట్స్" అంటే చాలు, గుర్తు లేదు. రెండో చోటు, పూల అంగడి, మామిడిపండ్ల మండీ లాంటివి. పూలకు అంగడి సొంతం కాదు, అది ఏ రకం అంగడో చెబుతున్నాం. ఇలాంటప్పుడు ఇంగ్లీషు సాధారణంగా ఏకవచనాన్నే ముందు పెడుతుంది: "ఫ్లవర్ షాప్", "మ్యాంగో మార్కెట్". ఎస్సూ లేదు, గుర్తూ లేదు.

"లేడీస్ హాస్టల్" అని గుర్తు లేకుండా రాసేవాళ్లూ ఉన్నారు, లేడీస్ అన్నది హాస్టల్ రకాన్ని చెప్పే మాటగా తీసుకుని. దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. "లేడీస్' హాస్టల్" అన్నా సరే. "లేడీ'స్ హాస్టల్", "జెంట్'స్ టాయిలెట్" మాత్రం రాయొద్దు.

ఎస్ లేని బహువచనాలు, ఎస్‌తో ముగిసే పేర్లు

పిల్లలు, ఆడవాళ్లు, మగవాళ్లు అనే మాటలకు ఇంగ్లీషులో బహువచనం ఎస్‌తో రాదు: "చిల్డ్రన్", "విమెన్", "మెన్". వీటికి "ల" పరీక్షలో గుర్తు అవసరమని తేలినా, అది ఎస్ ముందే పడుతుంది: "చిల్డ్రన్'స్ వార్డ్", "విమెన్'స్ కాలేజ్", "మెన్'స్ హాస్టల్". "చిల్డ్రన్స్' డే" అన్న బ్యానర్లు ప్రతి నవంబర్ 14కు స్కూళ్లలో కడుతుంటారు. అది తప్పు, ఎందుకంటే "చిల్డ్రన్స్" అనే బహువచనమే లేదు.

సెప్టెంబర్ 5 సంగతి వేరు. ఆ రోజు టీచర్లది, అందరు టీచర్లదీ. కాబట్టి "టీచర్స్' డే", గుర్తు ఎస్ తర్వాత. ఈ ఒక్కదాన్నయినా మన ఊళ్లో తప్పు లేకుండా రాయాలని నాకు గట్టి పట్టుదల. ఎవరి పుట్టినరోజున ఈ పండుగ చేసుకుంటున్నామో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు. 1960 దాకా ఆ ఊరు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. చిన్నప్పుడు ఆయన చదువుకున్నది తిరుపతిలో, లూథరన్ మిషన్ స్కూల్లో. రాష్ట్రపతి అయ్యాక 1962 నుంచి ఆయన పుట్టినరోజు టీచర్ల రోజయింది. ఆ మనిషి చదువుకున్న ఊళ్లో స్టేజీ మీద కట్టే బ్యానర్‌లో "టీచర్'స్ డే" అని ఉంటే మనసొప్పదు.

"మదర్'స్ డే" మాత్రం ఏకవచనమే. అమెరికాలో ఆ రోజు కోసం పోరాడిన అన్నా జార్విస్ అనే ఆవిడ, గుర్తు ఎస్ ముందే ఉండాలని పట్టుబట్టింది. లోకంలోని అమ్మలందరి కోసం కాదు, ఎవరి ఇంట్లో వాళ్లు తమ అమ్మను తలుచుకునే రోజు కావాలన్నది ఆవిడ ఉద్దేశం. 1914లో అమెరికా ప్రభుత్వం దాన్ని అధికారికంగా ప్రకటించింది. గుర్తు ఒక అక్షరం అటూ ఇటూ జరిగితే అర్థం ఎంత మారుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక మన దగ్గర ఇంటికొకరుండే శ్రీనివాస్. శ్రీనివాస్ ఇల్లు అనాలంటే "శ్రీనివాస్'స్ హౌస్" అనొచ్చు, "శ్రీనివాస్' హౌస్" అనీ అనొచ్చు. రెండూ ఒప్పే. ఒకే కాగితంలో ఒక చోట అలా, ఇంకో చోట ఇలా రాయకపోతే చాలు. పెళ్లి పత్రిక కింద "రెడ్డి కుటుంబం వారు" అని ఇంగ్లీషులో వేయించేటప్పుడు "ది రెడ్డీస్" అని వేయించండి. రెడ్డి గారి వాళ్లంతా అని చెబుతున్నారు, అది ఉత్త బహువచనం. "డాక్టర్ రెడ్డీ'స్" అనే మందుల కంపెనీ పేరులో గుర్తు ఉందంటే, అక్కడ అది రెడ్డి గారిది అనే అర్థంలో ఉంది.

ఊరి పేరో సంస్థ పేరో అయితే ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి, వాళ్లు ఎలా రాసుకుంటే అలాగే రాయండి. లండన్ మెట్రోలో పికడిల్లీ లైన్ మీద "ఎర్ల్'స్ కోర్ట్" అనే స్టేషన్‌కు గుర్తు ఉంది, దాని పక్క స్టేషన్ "బేరన్స్ కోర్ట్"కు లేదు. మన కాలేజీ పేరులో గుర్తు లేకపోతే రెజ్యూమెలో మీరు చేర్చొద్దు. సర్టిఫికెట్ మీద ఎలా ఉందో అదే ప్రమాణం.

రెజ్యూమె అంటే గుర్తొచ్చింది. "బాచిలర్'స్ డిగ్రీ", "మాస్టర్'స్ డిగ్రీ" అన్నప్పుడు గుర్తు కావాలి. "బాచిలర్ ఆఫ్ టెక్నాలజీ", "మాస్టర్ ఆఫ్ సైన్స్" అన్నప్పుడు ఎస్సే లేదు, గుర్తు సంగతే రాదు.

దాని, మీది, వాళ్లది: ఇక్కడ గుర్తు ఉండదు

ఇంతదాకా బాగా రాసేవాళ్లు కూడా "ఇట్స్" దగ్గర దెబ్బతింటారు. ఎవరిదో చెప్పాలంటే గుర్తు పెట్టాలి కదా, మరి దాని రంగు అన్నప్పుడు ఎందుకు వద్దు? సర్వనామాలకు ఆ పని కోసం ముందే సొంత రూపాలు ఉన్నాయి. "హిజ్"లో గుర్తు పెట్టం కదా, "ఇట్స్" కూడా అదే వరస. "యువర్స్", "హర్స్", "అవర్స్", "దెయిర్స్", వీటిలో దేనికీ గుర్తు లేదు, ఎప్పుడూ రాదు.

రాసేముందు ఇలా చూసుకోండి. "దాని" అని అర్థం వస్తే గుర్తు లేదు: దాని ధర, "ఇట్స్ ప్రైస్". "అది" అని మొదలయ్యే వాక్యమైతే గుర్తు ఉంది: అది తెరిచే ఉంది, "ఇట్'స్ ఓపెన్". అనుమానం తీరకపోతే అక్కడ "ఇట్ ఈజ్" అని పూర్తిగా పెట్టి చదవండి. వాక్యం నిలబడితే గుర్తు పెట్టండి. "ఇట్ ఈజ్ ప్రైస్" నిలబడదు. "ఇట్ హాజ్" కూడా కుంచించుకుని "ఇట్'స్" అవుతుంది, అది అరుదుగా వస్తుంది.

"యువర్" అంటే మీ, "యూ'ఆర్" అంటే మీరు ఫలానా. "హూజ్" అంటే ఎవరిది, "హూ'స్" అంటే ఎవరు. "లెట్'స్" అంటే పదండి, చేద్దాం. గుర్తు లేని "లెట్స్" అంటే అనుమతిస్తాడు. అన్నిటికీ ఒకటే మందు, విప్పి చదవడం.

ఆఫీసు ఉత్తరాల్లోనైతే ఇంకా సులువైన దారి ఉంది. కుదించిన రూపాలు అసలు వాడకండి. "ఐ యామ్", "డు నాట్", "ఇట్ ఈజ్" అని పూర్తిగా రాయండి. మర్యాదగానూ ఉంటుంది, సగం టెన్షన్ కూడా పోతుంది.

ఫోన్ దిద్దిన దాన్ని నమ్మకండి

ఫోన్ కీబోర్డు మనం ఏం రాయబోతున్నామో ఊహించి తనే మార్చేస్తుంది. "వెల్" అని కొడితే "వి'ల్", "ఇల్" అని కొడితే "ఐ'ల్", "వర్" అని కొడితే "వి'ఆర్" చేసే సందర్భాలున్నాయి. "ఇట్స్"కు తనంతట తానే గుర్తు తగిలించడం మరీ ఎక్కువ. ముఖ్యమైన మెయిల్ ఫోన్‌లో రాస్తే, పంపే ముందు గుర్తు ఉన్న మాటలన్నిటినీ వేలు పెట్టి ఒక్కోటి చూడండి.

కంప్యూటర్‌లో అయితే సరైన కీ నొక్కుతున్నారో లేదో చూడండి. అపాస్ట్రఫీ కీ ఎంటర్ పక్కన ఉంటుంది. ఎస్కేప్ కింద, ఒకటో అంకెకు ఎడమ పక్కన ఉండే ఏటవాలు గీత వేరే గుర్తు, అది అపాస్ట్రఫీ కాదు. చిన్న అక్షరాల్లో తేడా తెలియదు, పదడుగుల ఫ్లెక్సీ మీద బాగా తెలుస్తుంది. ఇంకొకటి, 1998ను '98 అని కుదించినప్పుడు వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ కోట్స్ మొదలవుతున్నాయనుకుని గుర్తును తిరగేస్తుంది. దాని తోక ఎడమ వైపు తిరిగి, మామూలు అపాస్ట్రఫీలాగే ఉండాలి. 1990ల కాలం అన్నప్పుడు మాత్రం మళ్లీ "లు" పరీక్షే: "1990స్", మధ్యలో గుర్తు లేదు.

ఒక లీవ్ లెటర్ దిద్దుదాం

మన కాలేజీల్లో రోజూ తిరిగే ఉత్తరం ఇలా ఉంటుంది:

"రెస్పెక్టెడ్ సర్ ,
ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ , ఐ కెనాట్ అటెండ్ క్లాస్'స్ ,సో ప్లీజ్ గ్రాంట్ మీ టూ డే'స్ లీవ్......
థాంక్ యూ సర్
యువర్'స్ ఫెయిత్‌ఫుల్లీ"

పై నుంచి వద్దాం. "సర్" తర్వాత ఖాళీ ఇచ్చి కామా పెట్టారు. ఇంగ్లీషులో కామా, ఫుల్‌స్టాప్, క్వశ్చన్ మార్క్, ఏవైనా ముందు మాటకు అతుక్కునే ఉంటాయి, ఖాళీ వాటి తర్వాత వస్తుంది. ఖాళీ ముందిస్తే వచ్చే నష్టం కంటితో చూడొచ్చు: లైను నిండినప్పుడు కామా ఒక్కటే కింది లైనుకు జారి, అక్కడ ఒంటరిగా నిలబడుతుంది.

తర్వాత, జ్వరంగా ఉంది అన్నది ఒక పూర్తి వాక్యం. క్లాసులకు రాలేను అన్నది ఇంకో పూర్తి వాక్యం. ఈ రెంటినీ ఉత్త కామాతో కలిపారు. ఈ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. తెలుగులో "జ్వరం వచ్చి, పడుకుని, మందు వేసుకుని, తగ్గాక వస్తాను" అని కామాలతో ఎంత దూరమైనా పోవచ్చు, ఎందుకంటే వచ్చి, పడుకుని అన్నవి అసమాపక క్రియలు, వాక్యాన్ని అక్కడ ముగించవు. ఇంగ్లీషు వాక్యం క్రియతో సహా పూర్తయ్యాక కామా దాన్ని ఇంకో వాక్యంతో కట్టలేదు. ఫుల్‌స్టాప్ పెట్టండి, లేదంటే "అండ్", "సో", "బట్" లాంటి మాటతో కలపండి. సెమికోలన్ కూడా పెట్టొచ్చు, కానీ అలవాటు లేకపోతే దాని జోలికి పోకండి. ఫుల్‌స్టాప్ ఎప్పుడూ మోసం చెయ్యదు.

"క్లాస్'స్" అంటే క్లాసులు, "లు" వచ్చింది, గుర్తు వద్దు. ఈ మాటకు బహువచనం "క్లాసెస్". రెండు రోజుల సెలవులో "ల" వచ్చింది, గుర్తు ఎస్ తర్వాతకు జరగాలి. చివర ఆరు చుక్కలు దేనికీ కాదు. చుక్కల వరస అంటే మాట మధ్యలో ఆగిందని అర్థం, దానికీ మూడు చుక్కలు చాలు. మీరు సెలవు అడిగేశారు, వాక్యం అయిపోయింది, ఒక్క చుక్క పెట్టండి.

ఎవరినైనా పిలిచేటప్పుడు ఆ పిలుపుకు ముందు కామా కావాలి: "థాంక్ యూ, సర్." చివరగా "యువర్స్"లో గుర్తు తీసేయండి. మన దేశంలో లెటర్లన్నిటిలోకీ ఎక్కువగా పడే తప్పు ఇదేనని నేననుకుంటాను. దిద్దాక ఉత్తరం ఇలా అవుతుంది:

"రెస్పెక్టెడ్ సర్,
ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ అండ్ కెనాట్ అటెండ్ క్లాసెస్. ప్లీజ్ గ్రాంట్ మీ టూ డేస్' లీవ్.
థాంక్ యూ, సర్.
యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ,"

కామాతో అర్థమే మారిపోయే చోట్లు

హోటల్ ముందు నిలబడిన యాత్రికుడు మెసేజ్ పెట్టాడనుకోండి, లోపల చోటుందా, వేరే చోటికి వెళ్లమంటారా అని. మీరు "నో, వెయిట్" అంటే వెళ్లొద్దు, కాస్త ఆగండి అని. కామా మరిచి "నో వెయిట్" అంటే ఆగాల్సిన పనే లేదు, వచ్చెయ్యండి అని. కుటుంబంతో సహా లోపలికొచ్చి, నిలబడే చోటు కూడా లేక గొడవ పెట్టుకుంటాడు. తప్పు ఆయనది కాదు.

మూడు నాలుగు వస్తువులు వరసగా చెప్పేటప్పుడు ఆఖరి "అండ్", "ఆర్" ముందు కామా పెట్టాలా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. పెట్టొచ్చు, మానొచ్చు, రెండు పద్ధతులూ ఉన్నాయి. కానీ అది లేకపోవడం వల్ల అర్థం రెండు రకాలుగా వస్తుందంటే తప్పకుండా పెట్టండి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైం కోసం వేసిన కేసు ఇక్కడే తిరిగింది. ఏయే పనులకు ఓవర్‌టైం రాదో అక్కడి చట్టం ఒక జాబితా ఇచ్చింది: డబ్బాల్లో నింపడం, ఎండబెట్టడం, నిల్వచేయడం వగైరా. జాబితా చివర "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని ఉంది, "షిప్‌మెంట్" తర్వాత కామా లేదు. పంపడానికో పంపిణీకో చేసే ప్యాకింగ్ అనే ఒకే పని అది, మేం ప్యాకింగ్ చెయ్యం, సరుకు పంపిణీ చేస్తాం, కాబట్టి మా పని జాబితాలో లేదు అన్నారు డ్రైవర్లు. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం అస్పష్టంగా ఉందని వాళ్ల వైపే మొగ్గింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ ఇవే పనులు జరుగుతాయి, కాంట్రాక్టులు ఇంగ్లీషులోనే రాస్తారు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టేముందు జాబితాల్లో కామాలు చూసుకోవడం చాదస్తం అనుకోకండి.

ఇంకొన్ని, చకచకా

ప్రశ్నలా వినిపించే ప్రతి వాక్యానికీ క్వశ్చన్ మార్క్ రాదు. దీనికీ తెలుగులో గుర్తుంది. "రిజల్ట్స్ ఎప్పుడు వస్తాయి?" అన్నది ప్రశ్న. "రిజల్ట్స్ ఎప్పుడు వస్తాయో తెలుసుకోవాలి" అన్నది ప్రశ్న కాదు. "వస్తాయో", "ఉందో", "ఎవరో" అని ఓకారం పలికితే ఇంగ్లీషు వాక్యం చివర ఫుల్‌స్టాపే.

గట్టిగా చెప్పడం కోసం మాటకు కోట్స్ తగిలించకండి. ప్యూర్ వెజ్ అన్న మాట చుట్టూ కోట్స్ ఉంటే, ఇంగ్లీషు అలవాటున్నవాడు అది పేరుకే ప్యూర్ వెజ్ అని చదువుకుంటాడు. అక్షరాలు పెద్దవి చెయ్యండి, రంగు మార్చండి.

"సబ్జెక్ట్" పక్కన రెండు చుక్కలు పెట్టాక మళ్లీ అడ్డగీత ఎందుకు? రెండు చుక్కలే చాలు. ఆశ్చర్యార్థకం ఒకటి చాలు, ఆఫీసు మెయిల్‌లో అదీ వద్దు.

అంకెల్లో కామాలు మన దేశంలో లక్షల లెక్క ప్రకారం పడతాయి: 1,50,000. విదేశీ కంపెనీకి పంపే కొటేషన్‌లో 150,000 అని రాయండి. ఒకే కాగితంలో రెండు పద్ధతులూ కలిపితే, సున్నా ఒకటి పోయిందేమోనని అవతలివాళ్లకు అనుమానం వస్తుంది.

ప్రింటుకు ఇచ్చే ముందు

ఫ్లెక్సీ, పత్రిక, విజిటింగ్ కార్డు, ఏదైనా సరే, మ్యాటర్ ఫోన్లో చదివి వినిపించకండి. నోటితో చెబితే "బాయ్స్" మూడు రకాలుగానూ ఒకేలా వినిపిస్తుంది, గుర్తు ఎక్కడన్నది ఆపరేటర్ ఇష్టం అయిపోతుంది. మీరే టైప్ చేసి వాట్సాప్‌లో పంపండి, కాపీ చేసి పెట్టమనండి. ఆ తర్వాత ప్రూఫ్ అడగండి. రద్దీ వేళ అయినా ఒక పీడీఎఫ్ పంపడానికి ఎవరూ కాదనరు.

ప్రూఫ్ వచ్చాక మొత్తం చదివితే కన్ను అలవాటుగా దాటుకుపోతుంది. ఎస్‌తో ముగిసే మాటలు మాత్రమే చూడండి, ఒక్కోదానికీ లు, ల పరీక్ష పెట్టండి. పెద్ద డాక్యుమెంట్ అయితే కంట్రోల్, ఎఫ్ నొక్కి అపాస్ట్రఫీ వెతకండి, అది దొరికిన ప్రతి చోటా ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడ అక్షరం ఏదైనా ఊడిందా? ఇది ఎవరిదో, దేనిదో చెబుతోందా? రెంటికీ కాదు అని వస్తే తీసేయండి.

బోర్డు ఇప్పటికే తప్పుగా పడి ఉంటే కొత్తది చేయించాల్సిన పని లేదు. పెయింట్ బోర్డయితే వెనక రంగుతో ఆ ఒక్క గుర్తును కప్పేయొచ్చు. స్టిక్కర్ అక్షరాలైతే గుర్తును గోటితో లేపేయొచ్చు. ఫ్లెక్సీకి అదే రంగు ముక్క అతికిస్తే సరిపోతుంది. ఎస్ ముందున్న దాన్ని ఎస్ తర్వాతకు జరపాలంటే మాత్రం, బోర్డు రాసినతన్నే పిలిపించి, ఆ చిన్న గుర్తు ఎక్కడ కావాలో చాక్‌పీస్‌తో మీరే గీసి చూపించండి.